పొలం నుంచి వచ్చిన బిడ్డ మళ్లీ పొలం చదువే చదవాలా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలోని ఒక గ్రామం. మాకు రెండెకరాల సొంత భూమి ఉంది. మరో నాలుగెకరాలు కౌలుకు తీసుకొని నాన్న మిరప, పత్తి వేస్తారు. నేను ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తిచేశాను. నీట్‌లో సీటు వచ్చేటన్ని మార్కులు రాలేదు. ఈఏపీసెట్ ర్యాంకుకు వ్యవసాయ బీఎస్సీ సీటు వచ్చే అవకాశం ఉందని మా అధ్యాపకులు అంటున్నారు. బంధువులు లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో చేరమంటున్నారు. నాన్న మాత్రం ‘ఈ మట్టిలోంచి బయటపడాలనే గదా నిన్ను చదివించింది, మళ్లీ వ్యవసాయమే చదవడమేమిటి, అది నేను నేర్పలేనా’ అంటున్నారు. నాకు మొక్కలంటే ఇష్టమే. కానీ ఆ చదువులో నిజంగా ఏముంటుందో, తర్వాత ఉద్యోగాలుంటాయో లేదో తెలియదు. యూనివర్సిటీలో సీటు రాకపోతే ప్రైవేటు కాలేజీలో డబ్బు కట్టి చేరవచ్చా? పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివాను, నెగ్గుకురాగలనా?

— ఒక విద్యార్థిని

సమాధానం: మీ ఉత్తరంలోని ప్రశ్నలన్నింటిలోకీ బరువైనది మీ నాన్నగారు వేసినదే కాబట్టి దానితోనే మొదలుపెడతాను. ఆయన అన్నదాంట్లో సగం అక్షరాలా నిజం. ఏ అదనులో విత్తాలి, ఏ చేనుకు ఎప్పుడు నీరు కట్టాలి, కూలీలను ఎలా కుదుర్చుకోవాలి, కాయ ఏ రంగు తిరిగాక కోయాలి అన్న విషయాల్లో నాలుగేళ్లు చదివి వచ్చిన పట్టభద్రురాలికన్నా ముప్పై ఏళ్లు సేద్యం చేసిన రైతుకే ఎక్కువ తెలుసు. వ్యవసాయ కళాశాల ఈ పనులను ఆయనకంటే బాగా నేర్పుతుందని నేను చెప్పను. అయితే ఆ చదువు ఉన్నది అందుకు కాదు. చేలో కనిపిస్తున్న లక్షణం వెనుక ఉన్న కారణం ఏమిటో పట్టుకోవడానికి, ఆ కారణం అదేనని రుజువు చేయడానికి, దానికి విరుగుడును వెదకడానికి ఉన్న చదువు అది. ఈ రెండో పని మీకు ఇష్టమవుతుందా అన్నదే మీరు తేల్చుకోవలసిన అసలు విషయమని నా అభిప్రాయం.

మీకు కళ్లకు కట్టినట్టు తెలిసిన మిరప చేనునే తీసుకుందాం. ఆకు ముడుచుకుపోయిందంటే మీ ఊళ్లో చాలామంది చేసే పని ఒకటే, ఒక రెమ్మ తుంచుకొని మందుల కొట్టుకు వెళ్లడం. కానీ ఆ ముడత ఒక్క రకం కాదు. ఆకు అంచులు పైకి ముడుచుకొని ఉంటే అది సాధారణంగా తామర పురుగులు రసం పీల్చడం వల్ల వచ్చిన పై ముడత. అంచులు కిందికి ముడుచుకొని, ఆకు సన్నబడి, కాడ మాత్రం పొడవుగా సాగి ఉంటే అది తెల్లనల్లి వల్ల వచ్చిన కింది ముడత. ఆకులు బాగా చిన్నవై, కణుపులు దగ్గరపడి, మొక్క మొత్తం గిడసబారి ఉంటే తెల్లదోమ మోసుకొచ్చిన వైరస్‌ను అనుమానించాలి. నల్లికి ఎనిమిది కాళ్లుంటాయి, అది పురుగుల జాతికే చెందదు. అందువల్ల తామర పురుగును చంపే మందు చాలా సందర్భాల్లో నల్లిని చంపలేదు. పైగా సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులను అదేపనిగా కొడితే నల్లిని తినే మిత్రపురుగులు ముందు చచ్చిపోయి నల్లి మరింత పెరుగుతుంది. ఇక వైరస్ సోకిన మొక్కను బాగుచేసే మందే లేదు. దాన్ని పీకివేసి, తెల్లదోమను అదుపుచేసి, మిగతా చేనును కాపాడుకోవలసిందే. మూడు కారణాలకూ మూడు దారులు ఉండగా రైతు మూడింటికీ ఒకే సంచిలోంచి మందులు తెచ్చి కలిపి కొడుతున్నాడంటే తప్పు ఆయన అనుభవానిది కాదు. చేతిలో పది రెట్లు పెంచి చూపే భూతద్దం, ఆకు తిప్పి చూడాలన్న అలవాటు, చూసినదాన్ని బట్టి నిర్ణయం తీసుకునే శిక్షణ ఆ చేను దగ్గర ఎవరికీ లేకపోవడమే కారణం. ఆ లోటును పూడ్చే మనిషిని తయారుచేయడం వ్యవసాయ బీఎస్సీ చేయవలసిన మొదటి పని.

2021లో మీ ప్రాంతంలోనూ, అటు ఖమ్మం వైపూ మిరపకు ఏం జరిగిందో మీ ఇంట్లో మరచిపోయి ఉండరు. పూత నిండా నల్లటి తామర పురుగులు చేరి పూలు రాలిపోయాయి, ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు, కొందరు తోటలు దున్నేశారు. అప్పటిదాకా మనకు అలవాటైన తామర పురుగు ప్రధానంగా లేత ఆకుల మీద ఉండేది. ఇది పూలలో గుంపుగా ఉంటోంది. అది మామూలు పురుగు కాదని, ఆగ్నేయాసియాకు చెందిన త్రిప్స్ పార్విస్పైనస్ అనే వేరే జాతి అని, 2015లోనే బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మన దేశంలో తొలిసారి నమోదైందని తేల్చింది సూక్ష్మదర్శిని కింద దాని శరీర భాగాలను పోల్చి చూసిన కీటక శాస్త్రవేత్తలు. ఏ జాతి అన్నది తేలాకనే అది ఏయే కలుపు మొక్కల మీద బతుకుతుంది, ఏ దశలో నేలలోకి దిగుతుంది, ఏ రంగు జిగురు అట్టకు అంటుకుంటుంది అన్న ప్రశ్నలకు అర్థం వస్తుంది. నీలం రంగు జిగురు అట్టలు, గట్ల మీది వయ్యారిభామ ఏరివేత, పూత దశలో విచక్షణ లేకుండా మందులు కలిపి కొట్టడం మానడం వంటి సలహాలు ఆ క్రమంలో వచ్చినవే. ఆ సలహాలు చేరేలోపే ఎంతోమంది నష్టపోయారన్నది వాస్తవం, ఆ బాధను నేను తక్కువ చేయడం లేదు. అయితే అటువంటి కొత్త పురుగు మళ్లీ వచ్చినప్పుడు మొదటి వారంలోనే ‘ఇది మనకు తెలిసిన పురుగు కాదు’ అని గుర్తించి నమూనా సీసాలో వేసి గుంటూరు దగ్గరి లాం పరిశోధన కేంద్రానికి పంపగలిగిన మనిషి ప్రతి మండలంలో ఒకరైనా ఉంటే ఎంత మేలో ఆలోచించండి.

ఇక ఆ చదువులో ఏముంటుందంటే, కోర్సు నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు. సేద్య విజ్ఞానం, మృత్తికా శాస్త్రం, కీటక శాస్త్రం, తెగుళ్ల శాస్త్రం, జన్యుశాస్త్రం, మొక్కల ప్రజననం (అంటే సంకరం చేసి కొత్త రకాలను రూపొందించడం), ఉద్యాన శాస్త్రం, వ్యవసాయ అర్థశాస్త్రం, విస్తరణ విద్య (అంటే పరిశోధన ఫలితాలను రైతుకు చేర్చే విద్య), గణాంక శాస్త్రం ప్రధానమైనవి. పాఠ్యప్రణాళికను దేశమంతటికీ భారత వ్యవసాయ పరిశోధన మండలి, అంటే ఐసీఏఆర్, నియమించే డీన్ల కమిటీ రూపొందిస్తుంది. బైపీసీ నుంచి వచ్చినవారికి గణితంలో ప్రాథమిక పాఠాలు మొదట్లోనే చెబుతారు కనుక ఆ భయం అక్కర్లేదు. పుస్తకం ఒక్కటే కాదు, విద్యార్థులకు మడులు కేటాయించి పంట వేయిస్తారు. దుక్కి నుంచి నూర్పిడి దాకా ఖర్చు, దిగుబడి లెక్క రాసి చూపించాలి. మట్టి నమూనా తీయడం వంటి చిన్న పనిని కూడా పద్ధతిగా నేర్పుతారు. చేలో అక్కడక్కడా ఆంగ్ల ‘వి’ అక్షరం ఆకారంలో పదిహేను సెంటీమీటర్ల లోతు గుంట తీసి, గుంట పక్క నుంచి పైనుంచి కిందిదాకా ఒకే మందాన మట్టి చెక్కి, అన్నింటినీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలను తీసివేస్తూ చివరికి అరకిలో మిగుల్చుకోవాలి. గట్టు పక్కన, చెట్టు నీడన, పెంటకుప్ప వేసిన చోట తీయకూడదు. ఇదంతా చాదస్తంలా అనిపించవచ్చు గానీ, తప్పుగా తీసిన అరకిలో మట్టి మీద ఎంత ఖరీదైన యంత్రంతో పరీక్ష చేసినా వచ్చే ఫలితం ఆ పొలానిది కాదు.

ఈ సబ్జెక్టులన్నింటిలోనూ విద్యార్థులు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది గణాంక శాస్త్రం. నా దృష్టిలో రైతు బిడ్డకు అత్యంత అవసరమైనదీ అదే. ‘ఫలానా విత్తనం వేస్తే ఎకరానికి రెండు క్వింటాళ్లు ఎక్కువ వచ్చింది’ అని ఊళ్లో ఎవరో చెబుతారు. ఆ పొలం చెరువు కింద ఉందా, కిందటి ఏడాది అందులో మినుము వేశారా, పేడ ఎరువు తోలారా అన్నది ఎవరూ అడగరు. పరిశోధన క్షేత్రంలో అలా కుదరదు. భూసారం ఒక అంచు నుంచి మరో అంచుకు మారుతూ ఉంటుందని ముందే ఒప్పుకొని, ఆ మార్పు దిశకు అడ్డంగా పొలాన్ని వరుస భాగాలుగా విడదీస్తారు. ప్రతి భాగంలోనూ అన్ని రకాలూ వేస్తారు. ఏ మడిలో ఏ రకం రావాలన్నది లాటరీ తీసి నిర్ణయిస్తారు. ఇలా కనీసం మూడు నాలుగుసార్లు పునరావృతం చేశాక వచ్చిన తేడా నేల వల్ల వచ్చినదా, విత్తనం వల్ల వచ్చినదా అన్నది లెక్కకట్టి చెప్పవచ్చు. ఆ పద్ధతి ఒకసారి వంటబట్టిందంటే కంపెనీ కరపత్రం చూసినా, ఊళ్లో ప్రదర్శన క్షేత్రం చూసినా మీరు అడిగే ప్రశ్నలే మారిపోతాయి.

ఈ పనికి ఓపిక ఎంత కావాలో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. మన ఇళ్లలో వండుకునే సాంబమసూరి, బీపీటీ 5204, బాపట్ల నుంచి 1986లో విడుదలైంది. అన్నం బాగుంటుంది, ధర వస్తుంది, కానీ బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకోలేదు. గింజ గుణం చెడకుండా తట్టుకునే శక్తిని మాత్రమే చేర్చాలంటే హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థ, కణ, అణు జీవశాస్త్ర కేంద్రమైన సీసీఎంబీ శాస్త్రవేత్తలు తెగులును తట్టుకునే రకంతో సంకరం చేసి, ఆ మొక్కలను మళ్లీ మళ్లీ సాంబమసూరితోనే కలుపుతూ, ప్రతి తరంలోనూ కావలసిన మూడు జన్యువులూ ఉన్న మొక్కలను డీఎన్‌ఏ గుర్తుల సాయంతో ఏరుతూ పోవలసి వచ్చింది. మెరుగైన సాంబమసూరి 2008లో బయటికి వచ్చింది. పరిశోధన కేంద్రంలో ఎంపికైన రకం కూడా నేరుగా రైతు చేతికి రాదు. పలుచోట్ల పరీక్షలు, ఆపై రైతులకు కొద్దిపాటి విత్తనం ఇచ్చి వారి పొలాల్లోనే వేయించి చూసే చిరుసంచుల ప్రదర్శనలు దాటాలి. త్వరగా ఫలితం కనిపించే పని మాత్రమే చేయగల స్వభావం మీదైతే పరిశోధన వైపు ఆలోచించకండి. విస్తరణలోనో, బ్యాంకులోనో, విత్తనోత్పత్తిలోనో మీకు సరిపడే పని దొరుకుతుంది.

చివరి సంవత్సరంలో గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమం ఉంటుంది. విద్యార్థులు దాన్ని ‘రావే’ అనే పిలుస్తారు. 2015 నుంచి ఇది ‘స్టూడెంట్ రెడీ’ అనే పెద్ద కార్యక్రమంలో భాగమైంది, ఐసీఏఆర్ తరఫున ఆరు నెలలపాటు నెలకు 3,000 రూపాయల భృతి నిర్ణయించారు. విద్యార్థులు బృందాలుగా ఊళ్లో ఉండి, ఒక్కొక్కరు ఒక్కో రైతుతో జతకట్టి, ఆ కుటుంబం పంటల ఖర్చులు, అప్పులు, అమ్మకాలు రాసుకుంటారు. ఊరి నడిబొడ్డున రంగు ముగ్గులతో గ్రామపటం వేసి, చెరువు, బోర్లు, బడి, బీడు భూములు ఎక్కడున్నాయో ఊరివారి చేతనే గుర్తింపజేస్తారు. దీన్ని రికార్డు నింపే తంతుగా గడిపేసేవారిని కూడా నేను చూశాను. అలా గడిపితే ఆ డిగ్రీ సగమే. మీకు ఇక్కడ పట్నం నుంచి వచ్చినవారికి లేని అనుకూలత ఉంది. కౌలు రైతుకు బ్యాంకు అప్పు ఎందుకు అందదో, యార్డులో తేమ పేరుతో ఎంత కోత పడుతుందో మీకు ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. అయితే అదే కారణంగా ‘నాకు తెలుసులే’ అనుకునే ప్రమాదమూ ఉంది. పల్నాడు మిరప తెలిసినంత మాత్రాన శ్రీకాకుళం వర్షాధార వరి, అనంతపురం ఎర్ర నేలల్లో వేరుశనగ తెలిసినట్టు కాదు. అందుకే వీలైతే మీ జిల్లాకు దూరంగా ఉన్న కళాశాలలో చదవడం మేలంటాను.

ఉద్యోగాల మాటకు వస్తే, ఆశ పెట్టడమూ అధైర్యపరచడమూ రెండూ తప్పే కనుక ఉన్నదున్నట్టు చెబుతాను. రాష్ట్ర వ్యవసాయ శాఖలో వ్యవసాయ అధికారి ఉద్యోగానికి ఈ డిగ్రీ తప్పనిసరి, కానీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ముందుగా తెలియదు, మధ్యలో ఏళ్లు గడిచిపోతాయి. 2019లో గ్రామ సచివాలయాలు ఏర్పడినప్పుడు గ్రామ వ్యవసాయ సహాయకులుగా వేలమందికి ఒకేసారి అవకాశం వచ్చింది, తర్వాత అంతటి నియామకం జరగలేదు. కాబట్టి శాఖ ఉద్యోగం ఒక్కదాన్నే నమ్ముకొని ఈ చదువులో చేరవద్దు. బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్ర అధికారుల నియామకానికి ఐబీపీఎస్ పరీక్ష పెడుతుంది. నాలుగేళ్ల వ్యవసాయ డిగ్రీ ఉన్నవారికి ఇది మిగతావాటికన్నా నిలకడగా ఉన్న దారి, మూడో సంవత్సరం నుంచే సిద్ధం కావడం మంచిది. వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు అయిన నాబార్డు గ్రేడ్ ఎ అధికారి పరీక్షలోనూ ఈ చదువు అక్కరకొస్తుంది. సివిల్ సర్వీసుల్లో వ్యవసాయం ఐచ్ఛికాంశంగా ఉంది, ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు కూడా ఈ డిగ్రీ అర్హతే. హైదరాబాదు, దాని చుట్టుపక్కల ఉన్న విత్తన కంపెనీల్లో ప్రజననం, విత్తనోత్పత్తి, నాణ్యత పరీక్ష విభాగాలు అమ్మకాల విభాగం కన్నా నేర్చుకోవడానికి ఎక్కువ చోటిస్తాయి.

పరిశోధన, బోధన వైపు వెళ్లదలిస్తే పీజీ తప్పదు. ఐసీఏఆర్ జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థతోపాటు ఇతర రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోనూ సీటు పొందవచ్చు. మన దగ్గర కూడా పటాన్‌చెరులో 1972 నుంచి అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, రాజేంద్రనగర్‌లో వరి, నూనెగింజలు, చిరుధాన్యాల పరిశోధన సంస్థలు, సంతోష్‌నగర్‌లో మెట్ట వ్యవసాయ సంస్థ ‘క్రీడా’ ఉన్నాయి. హైదరాబాదు అనే ఒకే నగరం చుట్టూ ఇన్ని సంస్థలుండటం తెలుగు విద్యార్థులకు దక్కిన వరమనే చెప్పాలి, దాన్ని మనవాళ్లు సగం కూడా వాడుకోవడం లేదు.

మీ ప్రశ్నలో లేకపోయినా మీ ఊరికి అవసరమైన మరో దారి గురించి కాస్త విపులంగా చెప్పాలనిపిస్తోంది. రైతు సలహా కోసం మొదట వెళ్లేది మందుల కొట్టుకే. సలహా ఇచ్చేవాడూ సరుకు అమ్మేవాడూ ఒక్కడే అయినప్పుడు సీసాలు పెరుగుతాయేగాని తగ్గవు. పురుగుమందుల లైసెన్సుకు చదువు అర్హతగా పెట్టాక, అప్పటికే కొట్లు నడుపుతున్న వారి కోసం హైదరాబాదులోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ ‘మేనేజ్’ రూపొందించిన ఏడాది డిప్లొమా కోర్సు ఎంతో ఉపయోగపడింది. వ్యవసాయ పట్టభద్రులకు ఆ డిప్లొమా అవసరం లేదు. అంతేగాక అగ్రిక్లినిక్, అగ్రి బిజినెస్ కేంద్రాల పథకం 2002 నుంచి ఉంది. నలభై అయిదు రోజుల ఉచిత శిక్షణ తర్వాత వ్యక్తిగతంగా 20 లక్షల రూపాయల వరకు ప్రాజెక్టుకు బ్యాంకు రుణం తీసుకోవచ్చు, దానిపై నాబార్డు ద్వారా వచ్చే రాయితీ సాధారణంగా 36 శాతం, మహిళలకు 44 శాతం. మట్టి పరీక్ష, నారు పెంపకం, పురుగు గుర్తింపు వంటి సేవలకు వేరుగా రుసుము తీసుకొని, అనవసరమైన మందు వద్దని చెప్పగలిగే కొట్టు ఒక్కటి మీ మండల కేంద్రంలో ఉంటే ఆ చుట్టుపక్కల మిరప రైతుల ఖర్చు ఎంత తగ్గుతుందో మీ నాన్నగారే లెక్కకట్టి చెప్పగలరు. ఇది తేలిక వ్యాపారం కాదు. అరువులు పెట్టాలి, పంట పోతే బాకీలు నిలిచిపోతాయి. డిగ్రీ చేతికి రాగానే కాకుండా రెండు మూడేళ్లు ఎక్కడైనా పనిచేసి, డబ్బు లెక్కలు తెలుసుకున్నాక దిగడం క్షేమం.

లాంగ్‌టర్మ్ గురించి. వైద్య విద్యే చదవాలన్న పట్టుదల మీలో ఉంటే, మొదటిసారి వచ్చిన మార్కులకూ సీటు వచ్చే మార్కులకూ ఉన్న దూరం ఒక ఏడాదిలో దాటగలిగినదని మీ అధ్యాపకులు నమ్మితే, మరో ప్రయత్నం చేయడంలో తప్పు లేదు. కానీ మీ ఉత్తరంలో మొక్కలంటే ఇష్టమని ఉందేగాని డాక్టరు కావాలని ఎక్కడా లేదు. ఆ కోరిక బంధువులదైతే వారి కోరిక కోసం ఒక ఏడాదినీ, కోచింగ్ ఫీజునూ ఖర్చుపెట్టవద్దని గట్టిగా చెబుతాను. అదేవిధంగా, వ్యవసాయ కళాశాలలో చేరి చాటుగా నీట్ చదువుకోవడమూ వద్దు. మొదటి రెండు సెమిస్టర్ల మార్కులు దెబ్బతింటే చివరి సగటు పైకి లేవడం కష్టం, పీజీ ప్రవేశంలో ఆ సగటు మీ వెంటే ఉంటుంది.

ప్రైవేటు కాలేజీ విషయంలో నా మాట కాస్త కఠినంగా ఉంటుంది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం సొంత కళాశాలలు బాపట్ల, తిరుపతి, నైర, మహానంది, రాజమహేంద్రవరం తదితర చోట్ల ఉన్నాయి. వీటిలో ఎక్కడ సీటు వచ్చినా కళ్లు మూసుకొని చేరండి. ఉద్యానం మీద ఆసక్తి ఉంటే వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం కూడా మంచి ఎంపికే. ప్రైవేటు సంస్థ అయితే మూడు సంగతులు స్వయంగా చూడండి. ఆ కోర్సుకు ఐసీఏఆర్ గుర్తింపు ప్రస్తుతం అమల్లో ఉందా, ‘దరఖాస్తు చేశాం, వస్తుంది’ అంటున్నారా? విద్యార్థులు పంట వేయడానికి సొంత క్షేత్రం, నీటి వసతి నిజంగా ఉన్నాయా? కీటక శాస్త్రానికీ మృత్తికా శాస్త్రానికీ వేర్వేరు అధ్యాపకులున్నారా, ఒకరే అన్నీ చెబుతున్నారా? గుర్తింపు లేని చోట చదివినవారికి పీజీ ప్రవేశాల్లోనూ, కొన్ని నియామకాల్లోనూ దారి మూసుకుపోతుంది. నాలుగేళ్ల తర్వాత ఆ సంగతి తెలిసి బాధపడుతున్న పిల్లలు ఉన్నారు. రెండెకరాలు తాకట్టుపెట్టి అటువంటి చోట చేరవలసిన పరిస్థితి వస్తే చేరవద్దు. దానికన్నా ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చదవడం నయం. ఐసీఏఆర్ కోటా కింద ఇతర రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో కూడా సీట్లు ఉంటాయి. వాటికి జాతీయ ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయాలి, సొంత రాష్ట్రం దాటి వెళ్లినవారికి నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ కూడా ఉంది.

తెలుగు మాధ్యమం గురించి మీరు పడుతున్న బెంగ మొదటి ఏడాది వరకే న్యాయమైనది. పాఠాలు, పరీక్షలు ఆంగ్లంలోనే ఉంటాయి, పురుగుల, తెగుళ్ల శాస్త్రీయ నామాలు లాటిన్‌లో ఉంటాయి. ఆ నామాలు అందరికీ కొత్తవే, ఆంగ్ల మాధ్యమం వారికి అక్కడ ఏ సౌకర్యమూ లేదు. ప్రతి పురుగుకూ, తెగులుకూ, కలుపు మొక్కకూ మీ ఊళ్లో పిలిచే పేరును పక్కన రాసుకుంటూ ఒక నోటుపుస్తకం నింపండి. పరీక్షకు ఒక వైపు పనికొస్తుంది, రైతుతో మాట్లాడేటప్పుడు రెండో వైపు పనికొస్తుంది. ఆ రెండో వైపు లేక ఇబ్బందిపడే అధికారులు మన శాఖలో తక్కువమంది కాదు.

మీ నాన్నగారితో వాదించే బదులు ఆయనను ఒకసారి లాం క్షేత్రానికి తీసుకువెళ్లండి. మిరప పూతలో ఉన్న రోజుల్లో అయితే మరీ మంచిది. రకాల పరీక్షలు సాగుతున్న మడులను ఆయన చూసి, అక్కడి శాస్త్రవేత్తను తన అనుమానాలు తానే అడగాలి. బిడ్డను మళ్లీ ఎండలో కలుపు తీయించడానికి పంపుతున్నానన్న బాధ ఆయనలో ఉంది. ఆ బాధ ఆయన కష్టం నుంచి వచ్చినది, మాటలతో తీరేది కాదు. ఒక పంటను పరీక్షించే పని ఎలా ఉంటుందో కళ్లారా చూస్తే కొంత తీరవచ్చు.

ఇక కౌన్సెలింగ్‌కు ముందు చేసుకోవలసిన పని. గ్రామీణ ప్రాంతంలో చదివిన రైతు కుటుంబాల పిల్లలకు ప్రత్యేక కోటా ఉంది, మీ ర్యాంకుకు అది చాలా కీలకం కావచ్చు. దానికి మీరు చదివిన బడులు పురపాలక పరిధికి బయట ఉన్నట్టు ధ్రువపత్రాలు, తల్లిదండ్రుల పేరున సాగుభూమి ఉన్నట్టు పత్రాలు అడుగుతారు. కౌలు భూమిని నమ్ముకోవద్దు, సొంత రెండెకరాల పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేరున ఉందో ఈ వారంలోనే చూడండి. ఇంకా తాతగారి పేరునే ఉంటే తహసీల్దారు కార్యాలయంలో మార్పు చేయించుకోవడానికి సమయం పడుతుంది. ఈ ఏటి ప్రాస్పెక్టస్ రాగానే కోటా నిబంధనలను అందులోనే చదవండి, పైసంవత్సరం వారు చెప్పినదాన్ని బట్టి పోవద్దు. కుల, నివాస, ఆదాయ ధ్రువపత్రాలతో పాటు స్టడీ సర్టిఫికెట్లన్నీ అసలువీ, నకళ్లూ సిద్ధంగా పెట్టుకోండి. కళాశాలల ఎంపికలో విశ్వవిద్యాలయం సొంత కళాశాలలన్నింటినీ ముందు పెట్టి, గుర్తింపు ఉన్నట్టు మీరే రూఢి చేసుకున్న ప్రైవేటు కళాశాలలను మాత్రమే ఆ తర్వాత చేర్చండి.